పన్నెండుకి పన్నెండు

కాకినాడ, లేడీస్ హాస్టలు
6 జూలై 1997

అన్నయ్యా,

ఇరవై రోజులుగా ఉత్తరం లేదని నువ్వు గుర్రుగా ఉంటావు, వదిన నిన్ను సముదాయిస్తూ ఉంటుంది. అది అలాగే సాగనివ్వు, నేను అసలు సంగతికి వస్తాను. తల, మెడ భాగం మీద పెట్టిన టెస్టులో నాకు ఇరవై ఐదుకి తొమ్మిది వచ్చాయి. ఏడవలేదు. భోజనం కూడా మానలేదు. ఆ రోజు మెస్సులో బంగాళాదుంపల వేపుడు.

నన్ను ముంచినవి కపాల నరాలు. ఒంట్లో మిగతా నరాలు వెన్నుపాము లోంచి వస్తాయి. ఈ పన్నెండు జతలు మాత్రం మెదడు నుంచే బయల్దేరి, పుర్రెకున్న సన్నటి కన్నాల్లోంచి దూరి కళ్ళకీ చెవులకీ నాలుకకీ పోతాయి. ఏది ఎటు పోతుందో, ఏం పని చేస్తుందో వరసగా చెప్పమంటే నాకు ఆరు దాటాక అంతా కలగాపులగం అయిపోతుంది. మనిషి మీద చేసి చూస్తేనే ఇవి వంటబడతాయని సీనియర్లు అంటున్నారు. హాస్టల్లో ఆడపిల్లలు నేను దూది పట్టుకుని వస్తుంటే తలుపులేసుకుంటున్నారు. అందుకని పోస్టులో నువ్వే నా పేషెంటువి.

వదిన చేత చేయించుకో. మొదటి నరం వాసనకి: కళ్ళు మూసుకుని, ఒక్కో ముక్కుతో కాఫీ పొడి వాసన చూడు. రెండోది చూపు: ఒక్కో కంటితో క్యాలెండరు చదువు. మూడు, నాలుగు, ఆరు కలిసి కంటిగుడ్డుని తిప్పుతాయి, కాబట్టి తల కదపకుండా వదిన వేలు ఎటు పోతే అటు చూడు. ఐదోది ముఖానికి స్పర్శ, దవడకి బలం: నుదుటి మీద, బుగ్గ మీద, గడ్డం మీద దూదితో తాకితే రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా? ఏడోది ముఖం కదలికలు: నుదురు ముడువు, కళ్ళు గట్టిగా మూయి, పళ్ళు చూపించు. ఎనిమిదోది వినికిడి, ఒంటి నిలకడ: వదిన నీ చేతి గడియారాన్ని ఒక్కో చెవి దగ్గర్నుంచి మెల్లగా దూరం జరుపుతుంది, టిక్కు ఎక్కడిదాకా వినిపిస్తోందో చెప్పు. తొమ్మిది, పది గొంతువి: నోరు తెరిచి ఆ అను, నీళ్ళు మింగు. పదకొండు: వదిన నీ భుజాల మీద చేతులు పెట్టి నొక్కుతుంది, నువ్వు పైకి ఎగరెయ్యి. పన్నెండు: నాలుక బయట పెట్టు. వదినకి ఇది బాగా నచ్చుతుంది.

ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. మళ్ళీ టెస్టు ఇరవై ఎనిమిదిన.

తొమ్మిది మార్కుల
ధనశ్రీ


కూర్మన్నపాలెం
16 జూలై 1997

అమ్మలూ,

తొమ్మిది వచ్చినా వేపుడు తిన్నావు చూడు, అక్కడే మన వంశం తెలిసిపోయింది. అమ్మ పోయినప్పుడు నీకు పదకొండేళ్ళు. ఆ రోజు నుంచీ నువ్వు డాక్టరువి అవుతావని అందరికీ చెప్పుకుంటూ వస్తున్నాను. ఇప్పుడు నరాలు అడ్డం వచ్చాయంటే ఊరుకుంటానా?

ఆదివారం పొద్దున్న పరీక్ష పెట్టుకున్నాం. మీ వదిన రోజారమణి తల స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నీ ఉత్తరం గోడకి అంటించి మరీ మొదలుపెట్టింది. కాఫీ పొడి తెలిసింది. క్యాలెండరులో దినఫలాలతో సహా చదివాను. కళ్ళు ఎనిమిది దిక్కులా తిరిగాయి. దూది రెండు వైపులా ఒకటే. గడియారం కుడి చెవికి నాలుగు మూరల దూరం నుంచి వినిపించింది, ఎడమ చెవికీ అంతే. నాలుక బయట పెడితే మీ వదిన "ఈ ఒక్కటీ టెస్టు సెయ్యక్కర్నేదు, దీని బలం నాకు తెల్సు" అంది. మొత్తం మీద పన్నెండుకి పన్నెండు.

మిల్లు సంగతులు ఎప్పటివే. స్టీలు ప్లాంటులో ఉద్యోగం రాలేదని ఒకప్పుడు ఏడ్చాను గాని, దువ్వాడ దగ్గర ఈ చిన్న కడ్డీల మిల్లులో నేను రాజుని. నలభై అడుగుల ఎత్తున క్రేను క్యాబిన్లో కూర్చుంటే ఎర్రటి కడ్డీ చుట్టలన్నీ నా చెయ్యి ఎటు కదిలితే అటు వెళతాయి. కింద నిలబడి కొక్కెం తగిలించి, చేత్తో, విజిలుతో నాకు సిగ్నలిచ్చేది గంగరాజే. నీ పరీక్ష గురించి చెబితే "బావా, నీ తలకాయలో నరాలున్నాయని ఆ పిల్లకి ఎవలు సెప్పినారు" అన్నాడు.

బాగా చదువు. నా జవాబులు చూపించి మార్కులు తెచ్చుకో.

క్రేను మీంచి
ఎల్లారావు


కాకినాడ
5 ఆగస్టు 1997

అన్నయ్యా,

పద్దెనిమిది వచ్చాయి. నీ పన్నెండు పరీక్షలూ వరసగా తలుచుకుంటూ రాశాను. మా మేడమ్ "ఇది బట్టీ పట్టి రాసింది కాదే" అంది. గంగరాజు అన్నకి చెప్పు, నీ తలలో నరాలున్నాయని కాగితం మీద రుజువైంది.

ఇప్పుడు నరాలంటే భయం పోయింది, పిచ్చి పట్టింది. మొన్న డిసెక్షన్ హాల్లో పుర్రె అడుగు భాగం లోపలి నుంచి చూపించారు. చెవి వెనకాల ఎముకలో ఒక చిన్న సొరంగం ఉంటుంది, చిటికెన వేలు కూడా పట్టదు. ముఖాన్ని కదిపే ఏడో నరం, వినిపించే ఎనిమిదో నరం రెండూ పక్కపక్కనే అందులోకి దూరతాయి. కాస్త పైన ఐదోది. దువ్వాడ స్టేషన్లో పక్కపక్క పట్టాల్లా అనుకో, కాకపోతే ఇక్కడ ఒక దాని మీద బండి ఆగితే పక్క దానికీ దారి ఉండదు.

ఒక చిన్న మాట. పోయిన శనివారం బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడు "ఉండు, చెవి మార్చుకోనీ" అన్నావు. ఫోను బాగోలేదా? ఏమీ లేకపోతే సరే. ఇక్కడ వానలకి హాస్టలు గోడలు చెమ్మగిల్లిపోయాయి. వదిన పంపిన చింతకాయ పచ్చడి నేను ఒక్కదాన్నే దాచుకుని తింటున్నాను.

పద్దెనిమిది మార్కుల
ధనశ్రీ


కూర్మన్నపాలెం
20 ఆగస్టు 1997

అమ్మలూ,

పద్దెనిమిది అని చదివి క్యాంటీన్లో పదహారు మందికి టీ ఇప్పించాను. మీ వదిన మాత్రం "మనం ఇద్దరం సదివినాం కాబట్టే వొచ్చినాయి" అని తన వాటా అడుగుతోంది.

ఆ బూతు ఫోనులో గరగర. అంతకంటే ఏమీ లేదు.

ఇక్కడ నాకు అందరితోనూ తగువులే. గంగరాజు ఈ మధ్య విజిలు సరిగ్గా ఊదడం లేదు. ఊదాను అంటాడు, నాకు వినపడదు. వాడి విజిల్లో బఠాణీ అరిగిపోయిందని పూర్ణామార్కెట్ నుంచి కొత్త ఇత్తడిది తెచ్చి ఇచ్చాను. అయినా అదే పాట. ఒంటి దమ్ము తగ్గిందిరా నీకు అంటే మొహం ముడుచుకున్నాడు. స్కూటరు కూడా ఎడమ పక్కకి లాగుతోంది, రెండుసార్లు బురదలో దిగాను. మెకానిక్కు ఏమీ లేదంటాడు. వాడికేం తెలుసు.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. పోయిన వారం ఎడమ కంట్లో ఇనప రజను పడింది. పడినట్టు నాకు తెలియనే లేదు. మూడు రోజులకి మీ వదిన "కన్ను మిరపకాయలాగ ఉంది, నొప్పి నేదేటి" అని అడిగితే అద్దంలో చూసుకున్నాను. ఎర్రగా ఉంది గాని నొప్పి గోరంత కూడా లేదు. డాక్టరు రజను తీసి, ఇంత ఓర్పున్న మనిషిని చూడలేదన్నాడు. ఉక్కు పని చేసేవాడి కన్ను ఉక్కు కాకపోతే ఎలా? టీ కూడా అంతే, ఎడమ పెదవికి వేడి తగలడం మానేసింది. పొగలు కక్కుతున్నది అలాగే తాగేస్తున్నాను. గంగరాజు గ్లాసు చల్లారేలోపు నాది ఖాళీ.

నీ చదువు సంగతి రాయి.

ఎల్లారావు


కాకినాడ
1 సెప్టెంబరు 1997

అన్నయ్యా,

ఈ ఉత్తరం వదిన పక్కన ఉండగా చదువు. ఇందులో వేళాకోళం లేదు.

నీ ఉత్తరం మొదటిసారి నవ్వుకుంటూ చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. చెవి మార్చుకోవడం, విజిలు వినపడకపోవడం: ఎనిమిదో నరం. బండి ఒక పక్కకి లాగడం, అదీ ఎనిమిదోదే, నిలకడ చూసేది ఆ నరమే. కంట్లో రజను పడితే నొప్పి తెలియకపోవడం, పెదవికి వేడి తెలియకపోవడం: ఐదో నరం. అన్నీ ఎడమ వైపే. విజిలూ స్కూటరూ బాగానే ఉన్నాయి. పోయిన ఉత్తరంలో సొరంగం గురించి రాశాను కదా, ఆ మూలలో ఏదో నరాలని నొక్కుతోంది.

ఆ తర్వాత నీ పన్నెండుకి పన్నెండు తీసి చూశాను. గడియారం నాలుగు మూరల నుంచి వినిపించిందని రాశావు. నేను హాస్టల్లో పదకొండు మంది మీద చేశాను. మూర దాటితే ఒక్కరికీ వినపడలేదు. రెండు చెవులకీ సమానంగా నాలుగు మూరలంటే అది వినికిడి కాదు, అబద్ధం. నాకెందుకు అబద్ధం రాశావు?

మేడమ్‌ని అడిగాను, పేరు చెప్పకుండా. ఆ మూలలో ఎనిమిదో నరం పొరల మీద ఒక గడ్డ పెరుగుతుందట. సాధారణంగా క్యాన్సరు కాదు, మెల్లగా ఏళ్ళ తరబడి పెరుగుతుంది. తీసేయొచ్చు. తీయకపోతే మెదడు కాండాన్నే నొక్కుతుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు. నాది తప్పు కావచ్చు, నేను ఇంకా మొదటి సంవత్సరం. తప్పయితే నన్ను చావగొట్టు. కానీ రేపే క్రేను దిగి పెద్దాసుపత్రికి వెళ్ళు. తల స్కానింగు చేయించుకో.

నాకు భయంగా ఉంది. భయమేసినా రాయడం ఆపను.

నీ చెల్లెలు


కూర్మన్నపాలెం
10 సెప్టెంబరు 1997

ధనశ్రీకి,

ఏడాది చదువుకే నా తలలో గడ్డ మొలిపించావు. ఐదేళ్ళూ అయ్యేసరికి నా దినం కూడా నువ్వే పెట్టేస్తావు.

అబద్ధం అన్నావు కాబట్టి నిజం విను. పేషెంటు తప్పు చెబితే పరీక్ష చేసినవాళ్ళకి మార్కులు తగ్గుతాయని మీ వదిన అనుకుంది. ఆదివారం పరీక్ష అయితే శుక్రవారం, శనివారం నాకు తర్ఫీదు ఇచ్చింది. ఎడమ చెవి దగ్గర గడియారం పెడితే వినపడలేదు. "అలగ సెప్తే పిల్ల పరీక్ష పోద్ది, మళ్ళీ సెప్పు" అంది. నేనూ సరేనన్నాను. ఎన్ని మూరలు చెబితే బాగుంటుందో తెలియక ఇద్దరం ఆలోచించి నాలుగు వేశాం. మేం కొలతలో తప్పాం గాని నీ మార్కుల కోసమే చేశాం. నీ ఉత్తరం విని మీ వదిన పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదు.

చెవి పదకొండు నెలలుగా ఇలాగే ఉంది. ఒక చెవి వినపడని వాళ్ళు లోకంలో కోటి మంది ఉంటారు. క్రేను నడిపేది చేతులతో, కళ్ళతో. హెల్పరుగా చేరి, ఆరేళ్ళు గ్రీజు పూసి, ఈ క్యాబిన్ ఎక్కాను. మిల్లు డాక్టరు చెవిలో ఈ మాట పడితే ఆ సాయంత్రమే దింపేస్తారు. మళ్ళీ చీపురు పట్టుకుని కింద నిలబడమంటావా? ఈ నెలలోనే మాకు ఏటేటా జరిగే మెడికల్ ఉంది. అది అయ్యేదాకా ఈ ఊసు ఎత్తకు.

నీ పుస్తకం నువ్వు చదువుకో. నన్ను చదవకు.

ఎల్లారావు


కాకినాడ
14 సెప్టెంబరు 1997

అన్నయ్యా,

వదినని అన్నం తినమను. తప్పు నాది. ఎందుకు చేయిస్తున్నానో వదినకి నేనే చెప్పి ఉండాల్సింది.

నీ తప్పు మాత్రం నీదే. వదిన మార్కులనుకుంది, నువ్వు మార్కులనుకోలేదు. ఎడమ చెవికి వినపడటం లేదని నీకు అప్పటికే తెలుసు. దాన్ని వదిన మంచితనం వెనకాల దాచావు.

మీ మిల్లు డాక్టరు గారికి ఉత్తరం రాశాను. నీ పేరు, నీ క్రేను, పదకొండు నెలలు, అన్నీ ఉన్నాయి. కవరు మీద స్టాంపు అంటించి బల్ల మీద పెట్టాను. ముప్పయ్యో తారీకు లోపల నువ్వు ఆసుపత్రికి వెళ్ళినట్టు తెలియకపోతే డబ్బాలో వేస్తాను. నువ్వు నన్ను జన్మలో క్షమించకపోయినా వేస్తాను.

ధనశ్రీ


కూర్మన్నపాలెం
24 సెప్టెంబరు 1997

ధనశ్రీకి,

ముప్పై దాకా ఆగుతానన్నదానివి ఆగలేకపోయావన్నమాట. ఇరవై రెండున మెడికల్ పెట్టారు. నలభై మంది లైన్లో ఉంటే డాక్టరు ముందు నన్నే పిలిచాడు. "నీ చెవులెలా ఉన్నాయి" అన్నదే మొదటి మాట. నాకు అర్థమైపోయింది.

అయినా పాసయ్యాను. చెబుతా విను, నీ పుస్తకాల్లో లేనిది. కంటి చార్టులో ఆరో వరస వరకూ మిల్లులో అందరికీ కంఠతా వచ్చు. కొత్తవాడు చేరితే ముందు అదే నేర్పుతాం. డాక్టరు వెనక నిలబడి ఒక్కో చెవి వైపు గుసగుసగా అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటాడు. ఎదురుగా మందుల బీరువాకి అద్దం ఉంది. అందులో ఆయన పెదాలు కనిపిస్తాయి. ఏడు, మూడు, తొమ్మిది. ఒక్కటి తప్పలేదు. కాగితం మీద ఫిట్ అని కొట్టిన ముద్ర ఇంకా తడిగా ఉండగానే క్రేను ఎక్కేశాను.

నిన్ను పెంచి చదివించింది నా మీద ఫిర్యాదులు రాయడానికని తెలియదు. ఇక ఉత్తరాలు వద్దు. పరీక్షలు బాగా రాయి.

ఎల్లారావు


కాకినాడ
29 సెప్టెంబరు 1997

అన్నయ్యా,

వద్దన్నా రాస్తున్నాను. దీంతో పాటు ఉన్న కవరు చూడు. అదే ఆ ఉత్తరం. స్టాంపు మీద పోస్టు ముద్ర లేదు. నేను వేయలేదు. లైన్లో ఎవరో ఒకరిని ముందు పిలవాలి, నిన్ను పిలిచారు. చెవులెలా ఉన్నాయని అందరినీ అడిగి ఉంటారు. నీ తర్వాత ఉన్న ముప్పై తొమ్మిది మందిలో ఎవరినైనా అడుగు.

ముప్పయ్యో తారీకు రేపు. చాలా ఆలోచించాను. నేను దింపితే నువ్వు దిగుతావు, ఇంకో మిల్లులో ఇంకో చార్టు బట్టీ పట్టి మళ్ళీ ఎక్కుతావు. నువ్వంతట నువ్వే దిగాలి. అందుకే ఆ కవరు నీకే పంపుతున్నాను. చింపుకుంటావో, డాక్టరు గారి చేతికి ఇస్తావో నీ ఇష్టం.

ఒక్కటి మాత్రం తెలుసుకో. డాక్టరు పెదాలు నీకు అద్దంలో కనిపించాయి. నలభై అడుగుల కింద గంగరాజు అన్న విజిలు ఊదితే అది ఏ అద్దంలో కనిపిస్తుంది? నీ తలలో గడ్డ నీ సొంతం అన్నయ్యా. ఆయన తల నీది కాదు.

నేను ప్రతి ఆదివారం రాస్తూనే ఉంటాను, నువ్వు విప్పకపోయినా.

నీ అమ్మలు


కూర్మన్నపాలెం
19 అక్టోబరు 1997

అమ్మలూ,

ఆ కవరు తర్వాత వచ్చిన నీ రెండు ఆదివారం ఉత్తరాలూ విప్పకుండా బీరువా మీద పెట్టాను. ఇవాళ రెండూ విప్పాను. ముందే విప్పి ఉంటే బాగుండేది.

పదకొండో తారీకు రెండో షిఫ్టులో చుట్ట ఎత్తాను. గంగరాజు ఎడమ పక్కన ఉన్నాడు. గొలుసు ఒక వైపు జారింది, వాడు ఆపమని విజిలు ఊదాడు. ఊదుతూనే ఉన్నాడట. మిల్లులో ఆ చివర రంపం దగ్గరున్న వాళ్ళకి కూడా వినిపించింది. నాకు వినిపించలేదు. చుట్ట ఊగి వాడి హెల్మెట్‌కి తగిలింది. హెల్మెట్ ఎగిరిపడింది, వాడు కూలబడ్డాడు. తల మీద గీత కూడా పడలేదు. నేను నిచ్చెన ఎలా దిగానో గుర్తు లేదు.

వాడు లేచి దుమ్ము దులుపుకుని నా కుడి పక్కకి వచ్చాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడికి చాలా రోజులుగా తెలుసని. మాట్లాడాలంటే ఎప్పుడూ నా కుడి పక్కకే వస్తున్నాడు. "నాను ఎవలికీ సెప్పను బావా. గొలుసు జారిందని సెప్దాం. నువ్వు పైకెళ్ళిపో" అన్నాడు. వాడు తిట్టి ఉంటే ఎదురు తిట్టి పైకి ఎక్కేసేవాణ్ణే. చచ్చిపోవాల్సిన మనిషి నా ఉద్యోగం గురించి ఆలోచిస్తుంటే ఎక్కలేకపోయాను.

నీ కవరు అప్పటికి వారం పైగా నా చొక్కా జేబులోనే ఉంది. డాక్టరు గారి చేతికి ఇచ్చాను. ఆయన చదివి అప్పుడే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ దూది కొసని సన్నగా పురి పెట్టి కంటి నల్లగుడ్డు మీద తాకించింది. కుడి కన్ను టపీమని మూసుకుంది. ఎడమది మూసుకోలేదు. పక్క నుంచి తెచ్చి తాకించింది కాబట్టి ఎప్పుడు మూయాలో కూడా నాకు తెలియలేదు. "ఇది నేర్చుకుంటే వచ్చేది కాదు" అందామె. స్కానింగులో గడ్డ ఉంది, నేరేడు పండంత. నువ్వు చెప్పిన చోటే. నీ మాట నిజమైనందుకు నాకు కోపమూ వచ్చింది, గర్వమూ వచ్చింది, రెండూ రాయకుండా ఉండలేను.

వచ్చే నెల పదిహేడున ఆపరేషను. ఎడమ చెవి ఎలాగూ రాదు. ముఖం కదిపే నరం గడ్డకి అతుక్కుని ఉందట. కొంచెం గడ్డ వదిలేస్తే ముఖం నిలవొచ్చు గాని అది మళ్ళీ పెరగొచ్చు. మొత్తం తీసేయమని చెప్పాను. మీ వదిన పక్కనే ఉండి "మూతి వంకరైతే అయిందిలెండి, ఇదివరకు మాత్రం ఏపాటి అందం" అంది. బయటికొచ్చాక గోడ పట్టుకుని ఏడ్చింది.

నీకు డిసెంబరులో పరీక్షలు. రావద్దు.

మీ అన్నయ్య


కాకినాడ
26 అక్టోబరు 1997

అన్నయ్యా,

వచ్చే నెల పదిహేనున విశాఖ పాసింజరుకి వస్తున్నాను. పుస్తకాలు తెచ్చుకుంటాను, ఆసుపత్రి వరండాలో చదువుతాను. పరీక్ష పోతే మళ్ళీ రాస్తాను. దీని మీద ఉత్తరం రాసి స్టాంపు దండగ చెయ్యకు.

గంగరాజు అన్నకి నా దండాలు చెప్పు.

ధనశ్రీ


కూర్మన్నపాలెం
22 మార్చి 1998

అమ్మలూ,

పాసయ్యావని వదిన బూతు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. వరండాలో చదివి పాసైనదానివి ఏ వార్డులోనైనా బతికేస్తావు.

నా సంగతి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకోదు, చుక్కలు వేసుకుని పడుకునే ముందు ప్లాస్టరు అంటించుకుంటున్నాను. నవ్వితే సగం ముఖమే నవ్వుతుంది. నడక తిన్నగా వచ్చింది. డాక్టరు ఏడో నరం తెగలేదు, నలిగింది, ఏడాది చూద్దాం అన్నాడు. చూద్దాం.

ఫిబ్రవరిలో మళ్ళీ మిల్లుకి వెళ్ళాను. మేనేజరు పిలిచి విచారణ పెట్టాడు. చెవి సంగతి ముందే తెలుసా అని. లోపలికి వెళ్ళే ముందు గంగరాజు చెయ్యి పట్టుకున్నాడు. "తెలీదని సెప్పీ బావా. ఒక్క మాటతో తేలిపోద్ది" అన్నాడు. నేను తెలుసని చెప్పాను. ఏడాది పాటు తెలిసీ నడిపానని, మెడికల్లో మోసం చేశానని చెప్పాను. క్రేను పోయింది. ఉద్యోగం మాత్రం ఉంచారు. పనిముట్ల గదిలో స్పానర్లు ఇచ్చి పుచ్చుకునే పని.

అక్కడితో ఆగితే అందరికీ మంచివాణ్ణయ్యేవాణ్ణి. డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి, నిన్ను ఎలా ఫిట్ అన్నానో నాకు చెప్పు అన్నాడు. చెప్పాను. బీరువా అద్దం, చార్టు కంఠతా, అన్నీ. చార్టు మార్చండి, అద్దానికి గుడ్డ కప్పండి, ఒక చెవి మూసి రెండో చెవిలో చెప్పండి అన్నాను. ఆయన మార్చి నెలలో అందరికీ మళ్ళీ మెడికల్ పెట్టాడు. నన్ను పక్కన నిలబడమన్నాడు, ఎవరు ఎక్కడ చూస్తున్నారో నాకే తెలుస్తుందని.

ముగ్గురు దొరికారు. మూడో వాడు గంగరాజు. వెల్డింగు రవ్వ పడి వాడి కుడి కన్ను మసకబారి నాలుగేళ్ళయింది. నాకు తెలుసు. పాత చార్టు వాడికి నేర్పింది నేనే. ఎడమ కన్ను మూసుకుని, కొత్త చార్టు ముందు నిలబడి పాత అక్షరాలే చదివేశాడు. డాక్టరు గారికి అనుమానం రాలేదు, పలకడంలో తడబడ్డాడనుకున్నాడు. వాడు తిరిగి నా వైపు చూశాడు. నా నోట్లోంచి ఒక్క మాట రాకపోతే వాడు మళ్ళీ క్రేను కిందే నిలబడతాడు.

వాడు నా ఉద్యోగం కోసం తన తల మీదకొచ్చింది కూడా దాచాడు. నేను వాడి తల కోసం వాడి ఉద్యోగం మీదకి తెచ్చాను. "ఇంకోసారి చదివించండి సార్, కుడి కంటితోనే, ఒక్కో అక్షరం చూపించి" అన్నాను.

వాణ్ణి కూడా పనిముట్ల గదికే వేశారు. రెండు కుర్చీలు, మధ్యలో బల్ల. పన్నెండు రోజులుగా నాతో మాట్లాడడు. బావా అనడు. మొదటి రోజే తన కుర్చీ లాక్కెళ్ళి నా ఎడమ పక్కన వేసుకున్నాడు. అక్కడ కూర్చుని రోజంతా ఏదో అంటూనే ఉంటాడు. పెదాలు కదులుతాయి, నాకు వినపడదు. వినపడదని వాడికి తెలుసు.

నిన్న పొద్దున్న నేను ముందుగా వెళ్ళి నా ఎడమ పక్క గోడ వచ్చేలా కుర్చీ వేసుకున్నాను. ఇప్పుడు వాడు ఎక్కడ కూర్చున్నా నా కుడి చెవి పక్కనే. వాడు వచ్చి చూసి, కాసేపు నిలబడి, కూర్చుని తిట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా తిట్టాడు. ఒక్క మాట పోకుండా విన్నాను.

మీ అన్నయ్య
ఎల్లారావు